ముగ్గురితో మొదలైన దళం: బొడ్డపాడు జముకు, మన తుడుము



ఆగస్టు 9 దగ్గర పడేసరికి మనలో ప్రతి ఏడూ ఒకటే మాట మొదలవుతుంది. "ఈసారైనా మనకంటూ ఓ పాట బృందం ఉండాల." పదిహేను మంది చేతులెత్తుతారు. ఒకరు తుడుము తెస్తామంటారు, ఇంకొకరు కొమ్ము బూర ఊదే తాత తమ ఊళ్లోనే ఉన్నాడంటారు. ఆదివాసీ దినోత్సవం స్టేజీ మీద రెండు పాటలవుతాయి, ఫొటోలొస్తాయి. దసరా సెలవులయ్యేసరికి సగం మంది ఉండరు, సంక్రాంతికి మిగతావాళ్లూ ఉండరు. పరీక్షలని ఒకరు, చెన్నై పనికని ఒకరు, "నా చేతికి మైకే రాలేదు" అని ఇంకొకరు. మొన్నామధ్య ఒక తమ్ముడు అడిగాడు, "అసలు బృందం నిలబడ్డది ఎక్కడైనా ఉందేటి?" అని. ఉంది. అదీ మన పలాస పక్కనే. దాని గురించి మేము చదివినవి, పెద్దల దగ్గర విన్నవి కలిపి ఈ పోస్టు రాస్తున్నాం. కాస్త పొడుగుంటుంది, ఓపిగ్గా చదవండి.

పలాస నుంచి సముద్రం వైపు దిగితే ఉద్దానం. జీడి, కొబ్బరి, పనస తోటల మధ్య ఊళ్లు. అందులో బొడ్డపాడు ఒకటి. 1960ల్లో ఆ ఊరి గుళ్లో పూజారిగా ఉన్నాయన సుబ్బారావు పాణిగ్రాహి. ఇంటి భాష ఒడియా. రాసింది, పాడింది తెలుగులో. మన సరిహద్దు ఊళ్లలో ఇదేం వింత కాదు. ఇంట్లో ఒక భాష, సంతలో ఇంకొకటి, బళ్లో మూడోది మనకూ అలవాటే. ఆయన రాసిన పాటల్లో ఎరుపు రంగు మీద రాసింది రాష్ట్రమంతా తిరిగింది. దాన్ని ఎవరు రాశారో తెలీకుండానే చాలామంది పాడేశారు. మనం మాట్లాడుకోవాల్సింది మాత్రం ఆ పాట గురించి కాదు, ఆయన కట్టిన జముకుల కథ గురించి.

జముకు చూడనివాళ్లకు చెప్తాం. కుంచం లాంటి గుండ్రటి డొల్ల. ఒక వైపు చర్మం బిగించి ఉంటుంది, రెండోది ఖాళీ. చర్మం మధ్యలోంచి ఒక నరం వస్తుంది. డొల్లను చంకలో పెట్టుకుని, ఆ నరాన్ని ఒక చేత్తో లాగి పట్టుకుని, రెండో చేత్తో మీటాలి. గట్టిగా లాగితే స్వరం పైకి పోతుంది, వదిలితే కిందకి దిగుతుంది. ఒక్క నరంతోనే నవ్వించొచ్చు, ఏడిపించొచ్చు. తెలంగాణలో బైండ్లవాళ్లు ఎల్లమ్మ కథకి వాయించే జమిడిక దీనికి అక్కలాంటిది. బెంగాల్లో బావులు వాయించే ఖమక్ కూడా ఈ కుటుంబమే. మన వైపు జముకుల కథ అమ్మవారి పండగల్లో రాత్రంతా సాగేది. మామూలుగా ముగ్గురుంటారు. ఒకరు కథ చెప్తూ ఆడతారు, ఒకరు వంత పాడతారు, ఒకరు జముకు వాయిస్తారు. అంతే. స్టేజీ అక్కర్లేదు, సౌండ్ బాక్సు అక్కర్లేదు. పండక్కి పిలిచిన ఊరు తిండి పెట్టి, ధాన్యమో డబ్బో ఇచ్చి పంపేది.

పాణిగ్రాహి పట్టుకున్నది దీన్నే. అప్పటికి కమ్యూనిస్టుల చేతిలో బాగా పేరున్న కళ బుర్రకథ. 1943లో మొదలైన ఆంధ్ర ప్రజా నాట్యమండలి దాన్ని ఊరూరా తిప్పింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లు నుంచి వచ్చిన షేక్ నాజర్ పల్నాటి యుద్ధం నుంచి బెంగాల్ కరువు దాకా కథలు చెప్పి జనాన్ని కూర్చోబెట్టాడు. ఎంతగా అంటే అటు మద్రాసు ప్రభుత్వం, ఇటు నిజాం ప్రభుత్వం బుర్రకథనే నిషేధించాల్సి వచ్చింది. అంత పేరున్న తయారు సరుకు ఉండగా, ఉద్దానంలో ఆయన జముకు ఎందుకు పట్టాడు? మాకనిపించేది ఇది. బుర్రకథ అంటే జనం చూడ్డానికి వస్తారు. జముకు వినబడితే మాత్రం అది వాళ్ల ఇంటి పండగ చప్పుడు. ఆ చప్పుడుని కొత్తగా నేర్పక్కర్లేదు, కొత్త కథ పెడితే చాలు.

ఇక్కడ ఒక చిన్న మాట. 'దళం' అనగానే మనకు గుర్తొచ్చేది తుపాకులు. కానీ బుర్రకథ బృందాన్ని కూడా దళమనే అనేవారు. నాజర్ దళం, ఫలానా ఊరి దళం అని. పాట దళాలు కూడా ఉండేవని గుర్తుంటే ఈ చరిత్ర సగం తేలిగ్గా అర్థమవుతుంది.

మరి జముకులో పెట్టిన కొత్త కథ ఎవరిది? మనది. పార్వతీపురం ఏజెన్సీలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం అనే ఇద్దరు పంతుళ్లు 1950ల చివరి నుంచి గిరిజన సంఘం కట్టుకొచ్చారు. సావుకార్ల అప్పు, పోయిన భూములు, పోడు మీద అటవీ అధికారుల మామూళ్లు, పాలికాపుల కూలి. ఇవీ అప్పటి గొడవలు. 1967 అక్టోబర్ 31న మొండెంఖల్లులో సంఘం మహాసభకి పోతున్న జనం మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. కొండల్లో జరిగిన ఈ సంగతులు టీవీ లేని, పేపరు చేరని ఉద్దానం ఊళ్లకి ఎలా తెలిశాయి? సంఘం మనుషుల వల్ల కొంత, ఇలాంటి పాటల వల్ల చాలా. పాణిగ్రాహి శ్రీకాకుళం గిరిజన పోరాటాన్నే జముకుల కథగా కట్టాడు. అమ్మవారి కథలు వినే జనం సవర, జాతాపు మనుషుల కథ విన్నారు. కొబ్బరి తోటల్లో కూలి చేసుకునేవాడికి కొండ మీద పాలికాపు చుట్టంలా అనిపించాడు. 1968 నవంబరులో సోంపేట వైపు గరుడభద్రలో పంట కోత గొడవ వచ్చేసరికి తీరం ఊళ్లు కదిలిపోయాయి. అది ఒక్క పాట వల్లే అయిందని మేము అనం. ముందు నుంచీ ఈ నేలకి ఆ అలవాటు ఉంది. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది పలాసలోనే. ఆ వెంటనే ఏప్రిల్ ఒకటిన మందస దగ్గర గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పుల్లో ససుమాన గున్నమ్మ చనిపోయింది. అడవిలో కట్టెలు, పుల్లల దగ్గర మందస జమీందారుతో వచ్చిన గొడవ అది. వీరగున్నమ్మ అని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్న దగ్గరకి వద్దాం. బృందం ఎలా నిలుస్తుంది?

మొదటిది, ముగ్గురుండటం. మనం ఎప్పుడూ పదిహేను మందితో మొదలెడతాం. పదిహేను మందిలో ఎవరు రాకపోయినా పని ఆగదు. అందుకే ఎవరూ రారు. జముకుల కథలో ఒకడు రాకపోతే కథే లేదు. వంత లేకపోతే కథకుడు ఊపిరి తీసుకోడానికి ఉండదు, జముకు లేకపోతే ఇద్దరూ గాలిలో మాట్లాడినట్టుంటుంది. తను లేకపోతే సాగదని తెలిసినవాడు జ్వరమొచ్చినా వస్తాడు. బుర్రకథలోనూ అంతే. మధ్యలో కథకుడు తంబురాతో, ఒక పక్క హాస్యం చెప్పే వంత, ఇంకో పక్క రాజకీయం చెప్పే వంత. హాస్యగాడికి రాజకీయ వంత మీద అసూయ ఉండదు. ఎందుకంటే నవ్వించే పని అతనిది కాదు. మన గ్రూపుల్లో నలుగురు ఒకే పాట పాడాలని చూస్తారు, ఒక్కరూ తుడుము మోయడానికి ఇష్టపడరు. గొడవంతా అక్కడే పుడుతుంది.

ఎక్కువమంది ఉంటే కుదరదని కాదు. తప్పెటగుళ్లు చూడండి. మన జిల్లాలో, విజయనగరంలో యాదవులు ఆడేది. పదిహేను ఇరవై మంది ఉంటారు. కానీ ప్రతి ఒక్కరి గుండె మీద ఒక రేకు గుండు కట్టి ఉంటుంది. వెనక నిలబడి చప్పట్లు కొట్టేవాడంటూ ఎవడూ లేడు. ఇరవై మందీ వాయిస్తారు, ఇరవై మందీ ఆడతారు, గురువు చెప్పిన అడుగు దాటరు. కాబట్టి మందిని పెంచుకోవాలంటే ముందు చేతికి పని పెంచాలి. మన తుడుము, డప్పు, కొమ్ము, సన్నాయి అన్నీ కలిపితే పది చేతులకి సరిపోతాయి. నేర్పే తాతలు ఇంకా ఉన్నారు. ఎంతకాలం ఉంటారో మాత్రం అడక్కండి.

రెండో సంగతి తేదీ. మన బృందాలకి తేదీ బయటివాళ్లు ఇస్తారు. ఆగస్టు 9, రిపబ్లిక్ డే, ఎవరో మంత్రి వచ్చే రోజు. ఆ రోజు అయిపోతే పనీ అయిపోయినట్టే. జముకువాళ్లకి తేదీ ఊరిచ్చేది. ఈ ఊరి అమ్మవారి పండగ, ఆ పక్క ఊరి సంబరం, తర్వాత ఇంకో ఊరు. ఏడాదంతా పిలుపులే. మన గూడేలకి అంతకంటే పెద్ద క్యాలెండరే ఉంది. కొత్త కందులు తినే ముందు చేసే కంది కొత్తలే తీసుకోండి. ఒక్కో గూడెం ఒక్కో రోజు చేసుకుంటుంది. ఒక బృందం వారం వారం తిరిగినా తరగదు. కానీ మనం ఆ పండక్కి ఇప్పుడు డీజే పెడుతున్నాం. డీజే వచ్చిందని తాతలు తిట్టుకుంటారు గానీ, దాని కిరాయిలో సగమిచ్చి మనవళ్లని పిలిచిన ఊరు మాకైతే కనబళ్లేదు. ఇది తప్పుపట్టి చెప్తున్నది కాదు. పిలవడానికి బృందమే లేకపోతే వాళ్లు మాత్రం ఎవర్ని పిలుస్తారు?

డబ్బు గురించి సూటిగా మాట్లాడుకుందాం. విప్లవ పాటల చరిత్ర చెప్పేవాళ్లు డబ్బు మాట ఎత్తరు, అంతా త్యాగమే అన్నట్టు చెప్తారు. పాణిగ్రాహికి గుడి ఉంది. నాజర్‌కి జీవితంలో చాలా భాగం లేమే. 'పింజారి' అని వచ్చిన ఆయన ఆత్మకథ చదివినవాళ్లకి తెలుసు. 1986లో పద్మశ్రీ వచ్చిందని పొట్ట నిండదు కదా. మన ఉత్తరాంధ్రకే చెందిన వంగపండు ప్రసాదరావు, పార్వతీపురం దగ్గర పెదబొండపల్లి, విశాఖ షిప్‌యార్డులో ఫిట్టర్‌గా పని చేస్తూ పాడాడు. గజ్జె కట్టి ఆయన ఆడిన పాటలు ఎన్నో భాషల్లోకి పోయాయి. 2020 ఆగస్టు 4న పోయేదాకా ఆయన పాటగాడే. పగలు ఫిట్టరు, రాత్రి పాటగాడు. మా లెక్కలో ఇది చిన్న విషయం కాదు. బృందంలో చేరిన తమ్ముడికి "చదువు మానెయ్, ఇదే జీవితం" అని చెప్పే అన్న ఆ బృందాన్ని రెండేళ్లలో పోగొడతాడు. పరీక్షల నెలలో రిహార్సల్ లేదని ముందే రాసిపెట్టుకున్న బృందం జూన్‌లో మళ్లీ కలుస్తుంది.

మూడోది కొత్త కథ. ఒకే రెండు పాటలు మూడేళ్లు పాడితే వినేవాళ్లకంటే ముందు పాడేవాళ్లకే విసుగొస్తుంది. పాణిగ్రాహి కథలో బలమేంటంటే నిన్న జరిగింది ఇవాళ పాటలోకి రావడం. లేవిడి ఏడాది కిందటి మాట, గరుడభద్ర నిన్నటి మాట. వినేవాడికి ఆ మనుషులు తెలుసు. మన దగ్గర కథలకి కరువుందా? 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను ఒక్క రాత్రిలో ముప్పై ఏళ్ల జీడి చెట్టుని పడగొట్టింది. ఉద్దానం ఇళ్లలో కిడ్నీ జబ్బు తినేస్తున్న మనుషులు. మందస, మెళియాపుట్టి కొండల్లో షెడ్యూలు బయట ఉండిపోయిన మన గూడేలు. 1/70 చట్టం 1970లో వచ్చింది. అది రావడం వెనక ఆ శ్రీకాకుళం రోజుల ఒత్తిడి ఉందని అందరూ ఒప్పుకుంటారు. కానీ షెడ్యూలు గీత అవతల ఉన్న సవర రైతుకి ఆ చట్టం రక్ష లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు సీతంపేట ఐటీడీఏ పార్వతీపురం మన్యం జిల్లాలోకి పోయింది. ఇవతల మిగిలిన గూడేలవాళ్లు ఏ ఆఫీసుకి పోవాలో అడుగుతూ తిరుగుతున్నారు. అర్జీలో రాస్తే ఒక్క గుమస్తా చదువుతాడు. కథ కడితే సంతంతా వింటుంది.

ఇక కష్టమైన మాట. ఆ బొడ్డపాడు దళం ఏమైంది?

1968 చివరి నుంచి ఉద్యమం ఆయుధాలు పట్టింది. పాడినవాళ్లు కూడా అడవిలోకి పోయారు. బొడ్డపాడుకే చెందిన పంచాది కృష్ణమూర్తి 1969 మే 27న చనిపోయాడు. అదే ఏడు డిసెంబర్ 22న రంగమటియా కొండల్లో సుబ్బారావు పాణిగ్రాహి, కృష్ణమూర్తి భార్య నిర్మల, ఇంకొందరు. పోలీసులు ఎదురుకాల్పులన్నారు. పట్టుకుని కాల్చారని ఉద్యమం వాళ్లన్నారు. 1970 జూలై 10న సత్యం, కైలాసం కూడా పోయారు. తుపాకీ దారి సరైందా కాదా అన్నది పెద్ద చర్చ, మన ఇళ్లలోనే రెండు రకాల మాటలున్నాయి. దాన్ని ఇంకో పోస్టులో మాట్లాడుకుందాం. పాట వైపు నుంచి చూస్తే మాకు కనబడేది ఒకటే. పాటగాడు తుపాకీ దళంలోకి వెళ్లాక పాట దళానికి మనిషి మిగల్లేదు. ముగ్గురి బలం ఎంతో, బలహీనత కూడా అంతే. కథ చెప్పేవాడు పోతే చెప్పడానికి రెండోవాడు తయారుగా ఉండాలి.

కథ మాత్రం పోలేదు. 1970 జూలై 4న శ్రీశ్రీ అధ్యక్షుడిగా విరసం పుట్టినప్పుడు పాణిగ్రాహి పేరు అక్కడందరి నోటా ఉంది. 1972లో హైదరాబాద్‌లో బి. నర్సింగరావు వాళ్ల ఆర్ట్ లవర్స్ బృందం జననాట్యమండలిగా మారింది. గద్దర్, వంగపండు ఆ దారిలో వచ్చినవాళ్లే. ఉద్దానంలో ఆగిన జముకు తెలంగాణలో డప్పయి లేచిందని కొందరు రాస్తారు. వినడానికి బావుంటుంది గానీ అంత తిన్నగా జరగలేదు. వాళ్లు తమ ఊరి బాణీలు తాము వెతుక్కున్నారు, తమ గొంగడి తాము కప్పుకున్నారు. పాణిగ్రాహి నుంచి తీసుకున్నది పద్ధతి. ఊరి బాణీలో ఊరి కథ. జననాట్యమండలి గురించి కూడా మాకొక మాట ఉంది. అంత పెద్ద బృందంలో జనానికి గుర్తున్నది ఒకరిద్దరి ముఖాలే. వెనక డప్పు కొట్టిన చేతులు ఎవరివో అడిగితే చెప్పేవాళ్లు తక్కువ. మన బృందం పోస్టర్ మీద ఎవరి ఫొటో వెయ్యాలా అని కొట్టుకునే ముందు ఇది ఆలోచించండి. అందరిదీ వెయ్యండి, లేదా తుడుము బొమ్మ వెయ్యండి.

ఆడపిల్లల సంగతి రాయకపోతే మా అక్కలు ఊరుకోరు. పాత జముకుల కథలో ఆడవేషం కూడా మగవాళ్లే వేసేవారు. ఇప్పుడు మన హాస్టళ్లలో గొంతు బాగున్నవాళ్లు ఎక్కువ మంది అమ్మాయిలే. కానీ ప్రోగ్రాం రాత్రి, గూడెం పది కిలోమీటర్లు, ఆటో లేదు. ఇంట్లో పంపరు. అప్పుడు "అమ్మాయిలకి ఆసక్తి లేదు" అని రాసేస్తాం. ఆసక్తి కాదు లేనిది, ఆటో. సాయంత్రం నాలుగింటికి సంతలో పాడితే అందరూ వస్తారు, చీకటి పడకుండా ఇంటికి పోతారు. సంతలో వినేవాళ్లు కూడా ఎక్కువే.

చివరిగా మేము చాలా రోజులు వాదించుకున్న విషయం. పాణిగ్రాహి కథ మన గురించి చెప్పింది. కానీ తెలుగులో చెప్పింది, తీరం రైతుకి చెప్పింది. అది ఆయన తప్పు కాదు, ఆయన వినిపించాలనుకున్నది వాళ్లకే. అప్పటికే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి సవర నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ల భాషలోనే పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టి చాలా ఏళ్లయింది. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. అంటే సవర రాతకి దారి ఎప్పుడో పడింది. అయినా సవరలో మన పోరాట కథ సంతలో పాడిన బృందం గురించి మేము వినలేదు. జాతాపు ఇళ్లలో ఇప్పుడు ఎక్కువగా తెలుగే. కాబట్టి రెండూ కావాలి. గూడెంలో సవరలో, పలాస బస్టాండులో తెలుగులో, ఒకే కథ, ఒకే తుడుము. వంత పాడేవాడు రెండు భాషలూ తెలిసినవాడైతే ఒకే ఆటలో రెండూ కుదురుతాయి. కథకుడు సవరలో చెప్తే, వంత తెలుగులో "ఏటంటన్నాడంటే..." అని అందుకుంటాడు. జముకుల కథలో వంత పని ఎప్పుడూ అదే కదా, చెప్పింది మళ్లీ చెప్పడం.

టెక్కలి, పలాస కాలేజీల్లో ఉన్నవాళ్లం మేము ముగ్గురం ఇప్పటికి ఒప్పుకున్నాం. ఒకరికి సవర వచ్చు, ఒకరికి తుడుము వచ్చు, ఇంకొకరు రాసేవాళ్లు. మొదటి కథ షెడ్యూలు గీత మీద. మందస సంతలో ముందు పాడతాం, స్టేజీ లేకుండా. జముకు వాయించే పెద్దాయన ఎవరికైనా తెలిస్తే కింద రాయండి, ఊరి పేరుతో. ఫోన్ నంబరు ఇక్కడ పెట్టొద్దు, విడిగా పంపండి.